సుబ్బరత్న వంతు పలికిన పిల్ల

మర్రిపాడు అవతల మా పల్లె బడికి 1951లో ఐదు తరగతులకూ కలిపి ఒకే టీచరమ్మ, ఉదయగిరి నుంచి వచ్చిన లిదియమ్మ. ఆత్మకూరులో తరగతికొక పంతులు. అక్కడ పిల్లల తలలు ఎవరూ లెక్కపెట్టరు. మాకు మాత్రం ఇరవైమందికి ఒక్కరు తగ్గినా బడి ఎత్తేస్తారట! ఈ రూలు పెట్టిన మహానుభావుడి పిల్లలు ఏ పల్లెలోనూ చదివి ఉండరు.

సరిగ్గా ఇరవైమందిమి ఉండేవాళ్లం. కలరాకు సుబ్బరత్న పోయింది. లిదియమ్మ ఆ పేరు కొట్టెయ్యలేదు. హాజరు వేళ దాని వంతు కూడా చెంచులక్ష్మి పలకాలంది. చెంచులక్ష్మి మేకలవాళ్ల పిల్ల, మా అందరిలోకీ చురుకు. దాన్ని ఆత్మకూరు హైస్కూలుకు పంపాలని లిదియమ్మ పంతం. అందాకా బడి నిలవాలి.

"సుబ్బరత్నా!"

"ఉన్నా టీచరమ్మా."

ఆ ఒక్క మాట కోసం సుబ్బరత్న తల్లి హనుమాయమ్మ రోజూ గోడ పక్కన నిలబడేది. విని వెళ్లిపోయేది. కొన్నాళ్లకు చెంచులక్ష్మి ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టింది. సుబ్బరత్నది ఎడమచేతి వాటం. నాకు చెంచులక్ష్మి పక్కన కూర్చోవాలంటే భయం వేసేది.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, "పేరు పిలిస్తే లేచి నిలబడాలి" అన్నాడు. సుబ్బరత్న పేరుకు చెంచులక్ష్మి లేచింది. అడిగిన లెక్కలన్నీ ఎడమచేత్తో బోర్డు మీద చేసేసింది. తరువాత చెంచులక్ష్మి పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు.

"దానికి జొరమండీ" అంది లిదియమ్మ.

ఆయన ఆ లెక్కలకు సంతోషపడి, ఫీజు లేకుండా చేర్చుకొమ్మని హైస్కూలుకు చీటీ రాసిచ్చాడు, సుబ్బరత్న పేరుతో. నిజం చెబితే చీటీ పోతుంది, బడీ పోతుంది. లిదియమ్మ చీటీ మడిచి హాజరుపట్టీలో పెట్టుకుంది.

"ఆ పేరుతో పోతావటే?" అని సాయంత్రం అడిగింది.

"నా పేరే కదా" అంది ఆ పిల్ల.

బస్సు దగ్గరికి హనుమాయమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, తలకు నూనె రాసి, సుబ్బరత్న పావడా కట్టి. కన్నతల్లి వెంకటసుబ్బమ్మ దూరంగా నిలబడి "చెంచూ, చెంచూ" అని రెండుసార్లు కేకేసింది. పిల్ల తిరిగి చూడలేదు. హనుమాయమ్మకు మాత్రం చెయ్యి ఊపింది.

బస్సు పోయాక వెంకటసుబ్బమ్మ లిదియమ్మ దగ్గరికి వచ్చింది. కోపం లేదు, ఏడుపూ లేదు.

"టీచరమ్మా, సెలవలకొస్తే అది ఎవరింటికి పోతాది?"