గేటు బయట పద్నాలుగేళ్లు

మా బావ టీవీ విలేకరి. రోజూ తెరమీద కనిపిస్తాడు కాబట్టి జనం గొప్పవాడనుకుంటారు. పద్నాలుగేళ్ల ఉద్యోగమంతా గేట్ల బయటే గడిచింది. కోర్టు గేటు, జైలు గేటు, ఆసుపత్రి గేటు. లోపల ఏం జరుగుతోందో తనకీ తెలియదు, తెలిసినట్టు చెప్పడంలో మాత్రం దిట్ట.

ఈసారి ఒక మాజీ మంత్రిని ఆసుపత్రిలో చేర్చారు. "ఆ పెద్దాయన సంగతి తేలేదాకా ఓపిక పట్టు. ఆ తర్వాత నిన్ను డెస్కులో కూర్చోబెడతా" అని చీఫ్ ఆశపెట్టాడు. నీడపట్టున కుర్చీ, సాయంత్రానికల్లా ఇల్లు. మా అక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

తేలడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఇలాంటివాళ్ల మరణవార్త ముందే తయారుచేసి ఉంచుకోవడం వాళ్ల వృత్తిలో మామూలే. రెండోరోజే బావ వ్యాన్ తలుపులు మూసుకుని, గొంతులో కాస్త వణుకు తెచ్చుకుని, "ఆయన ఇక లేరు" అని రికార్డు చేసి పంపేశాడు. బాగా వచ్చిందని కెమెరామన్ మెచ్చుకున్నాడట కూడా.

పదకొండోరోజు ఆసుపత్రి గేటు దగ్గరికి ఉతికిన చొక్కాలు పట్టుకెళ్లాను. బావ కళ్లు లోతుకుపోయాయి.

"పొద్దున డాక్టరు ఫర్వాలేదనగానే నాకు ప్రాణం ఉసూరుమందిరా. ఎలాంటి మనిషినైపోయాను నేను?" అన్నాడు. ఆటపట్టిద్దామనుకున్నవాణ్ని, చొక్కాల సంచీ అతని చేతికిచ్చాను.

అంతలో పెద్దాయన కూతురు బయటికొచ్చింది. కెమెరా ఎత్తబోతే వద్దంది.

"మీకోసమే వచ్చానండీ. నాన్నగారు గదిలో మీ చానలే పెట్టించుకుంటున్నారు. మిగతావాళ్లు భయపెడుతున్నారట. మీరు చెబితేనే బతుకుతానని నమ్మకం కలుగుతోందట."

ఆ రోజు నుంచి మంచంమీదున్న ఆ ఒక్క మనిషి కోసమే వార్తలు చెప్పాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంత బాగా ఎన్నడూ చెప్పలేదు.

ఇరవయ్యోరోజు నేనూ అక్కడే ఉండగా పెద్దాయన కోలుకుని ఇంటికి బయల్దేరాడు. గేటు దగ్గర కారు ఆపించి, అద్దం దించి, "నువ్వూ ఇంటికెళ్లవయ్యా, పాపం" అన్నాడు. బావ చేతులు జోడించాడు. కళ్లనీళ్లు ఆగలేదు.

కారు కదలగానే చీఫ్ ఫోన్ చేశాడు. నువ్వు రికార్డు చేసింది జాగ్రత్తగా దాచాం, వయసు మీద పడ్డ మనిషి కదా, డెస్కు సంగతి అప్పుడు చూద్దాం, ఈలోపు వాళ్లింటి ముందు ఉండు అన్నాడు.

"మీ అక్కకి నువ్వే చెప్పరా" అన్నాడు బావ. వ్యాన్ ఎక్కబోయి వెనక్కి తిరిగి, "ఆయన నూరేళ్లు బతకాలి" అన్నాడు.

మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే అతని మొహంలోకి చూడలేకపోయాను.