ఎడమచేతి డోలక్

కరోనా తగ్గి, దుబాయ్ దగ్గర ఫుజైరాలో మా తెలుగు క్రైస్తవుల శుక్రవారం ప్రార్థనలు మళ్ళీ మొదలయ్యాక నన్ను డోలక్ ముందు నుంచి లేపేశారు. నాది ఎడమచేతి వాటం. ఆ చేత్తో దేవుడి పాటకు దరువెయ్యకూడదని, పాటలు పాడించే పెద్దక్క పట్టుబట్టింది. మాలో ఆవిడ మాటకు తిరుగులేదు. కుడిచేత్తో వాయిస్తే నా దరువు పాట వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. సరే, చప్పట్లు కొట్టుకోమన్నారు. వారమంతా ఒకరింట్లో చాకిరీ చేసే నాకు ఆ డోలకే సంబరం. అది పోయేసరికి ఏడుపొచ్చింది, కోపం అంతకన్నా ఎక్కువొచ్చింది.

నేను పనిచేసే ఇంటి మేడమ్ అమెరికా ఆవిడ. ఒకరోజు నేను ఇస్త్రీ చేస్తుంటే టీవీలో పాత వీడియో ఏదో పెట్టింది. తల నెరిసిన ఒకావిడ గిటార్ వాయిస్తూ వాళ్ళ పల్లెపాట పాడుతోంది. నా కళ్ళు మాత్రం ఆవిడ చేతుల మీదే. గిటార్ తిరగేసి పట్టుకుని, ఎడమచేత్తో మీటుతోంది! ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి టీవీ ముందుకు పరిగెత్తాను.

నా ఇంగ్లీషుకు అందేలా మేడమ్ నిదానంగా చెప్పింది. ఆవిడ ఎవరూ నేర్పకుండా తన చేతికి వచ్చినట్టే నేర్చుకుందట. తర్వాత వాయించడం మానేసి, ఏళ్ళ తరబడి ఒకరింట్లో వంట, ఇస్త్రీ చేసిందట. ముసలితనంలో ఆ ఇంటివాళ్ళే ఆవిడ పాట విని లోకానికి వినిపించారట. ఇప్పుడు కుడిచేతివాళ్ళు కూడా ఆవిడలా వాయించాలని తంటాలు పడతారట. ఇస్త్రీ అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు పులకరించింది. శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఒకటే ఆత్రం.

ఆ శుక్రవారం నా బదులు డోలక్ వాయించే అతను డ్యూటీ పడి రాలేదు. నేనెవరినీ అడగలేదు. వెళ్ళి కూర్చుని, డోలక్ తిరగేసి ఒళ్ళోకి లాక్కున్నాను. పెద్దక్క గుడ్లురిమింది కానీ అప్పటికే పాట ఎత్తుకుంది, మధ్యలో ఆపడానికి లేదు కదా. చరణం వచ్చేసరికి పాట పరుగందుకుంది. హాలంతా చప్పట్లు. అయిపోవాల్సిన పల్లవిని పెద్దక్కే మళ్ళీ ఎత్తుకుంది. నాకు సంతోషంతో ఊపిరాడలేదు.

ప్రార్థన అయ్యాక పెద్దక్క బిర్యానీ పొట్లాలు పంచుతూ నా దగ్గర ఆగింది.

“ఎవరు నేర్పేరే నీకిలాగ?”

“అమెరికాలో ఒకావిడక్కా. మనలాగే ఇళ్ళల్లో పనిజేసేదంట.”

పెద్దక్క పొట్లం చాపింది. హడావిడిలో నేను ఎడమచెయ్యి చాచి నాలిక్కరుచుకున్నాను. వెనక్కి తీసుకునేలోపే పొట్లం ఆ చేతిలోనే పెట్టి, పక్కామె దగ్గరికి వెళ్ళిపోయింది.