పడని కర్ర

తన లైసెన్సు పోతే బాగుండునని కోరుకునే బస్సు డ్రైవరును మీరు చూసి ఉండరు. మన డ్రైవరు బావ అచ్చం అలాంటి మనిషి. డిపోలో అందరికీ ఆయన బావే. సొంత బావమరిది అదే బస్సులో కండక్టరు కావడంతో, వాడు పిలిచే పిలుపే అందరి నోటా పడింది.

ఆయనకు మెడ తిరగదు. ఏళ్ల తరబడి స్టీరింగు పట్టుకుని కొయ్యబారిపోయింది. ముందుకు పోవడానికి ఇబ్బంది లేదు. వెనక్కి తీసేటప్పుడు తలుపు వైపు అద్దం చూడాలంటే మాత్రం నడుం దగ్గర్నుంచి మొత్తం మనిషి తిరగాలి. అందుకే చూడడం ఎప్పుడో మానేశాడు. బావమరిది వెనక నిలబడి విజిల్ వేస్తాడు. పొట్టి విజిళ్లయితే రావచ్చు, పొడుగు విజిలైతే ఆగాలి. కిందటి నెల పొడుగు విజిల్ విని ఆగి, దిగి చూస్తే, వెనక చక్రం పక్కన ఒక పాప కూర్చుని చెప్పు సరిచేసుకుంటోంది. ఆనాటి నుంచి రివర్సు గేరు మీద చెయ్యి పడితే చాలు, ఆయనకు ముచ్చెమటలు పోస్తున్నాయి.

మానేద్దామంటే కంపెనీ నియమం ఒకటి అడ్డం. తనంతట తాను డ్రైవింగు వద్దంటే ఉద్యోగం వదులుకున్నట్టే. ఐదేళ్లకోసారి పెట్టే లైసెన్సు పరీక్ష తప్పినవాడికి మాత్రం బస్టాండులో కిటికీ దగ్గర కూర్చుని బస్సుల వేళలు చెప్పే పని ఇస్తారు. ఇంత తెలివైన నియమం రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు మెడ బాగానే తిరుగుతూ ఉండుంటుంది.

ఇంట్లో చెప్పి చూశాడు. "మెడ పట్టేసిందే. ఈసారి పరీక్ష తప్పుతానేమో."

"చాల్లెండి! మా తమ్ముడు లేడూ, వాడు చూసుకుంటాడు" అంది భార్య, మెడకు రాయడానికి నూనె వేడిచేస్తూ.

పరీక్ష రోజున ముందు డాక్టరు కళ్లు చూశాడు, చెవులు చూశాడు, బీపీ చూశాడు. "కుర్రాడిలా ఉన్నారే!" అని సంతకం పెట్టేశాడు. మెడ సంగతి ఆయన అడగలేదు. చెబితే తనంతట తాను వద్దన్నట్టవుతుందేమోనని ఈయన నోరు మూసుకున్నాడు.

ఇక మిగిలింది మైదానం. కర్రలు పాతిన సందులోకి బస్సును వెనక్కి తీసుకెళ్లాలి. ఒక్క కర్రకు తగిలినా తప్పినట్టే. తలుపు వైపున్న చివరి కర్రను ఆయన ముందే చూసి పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు బావమరిదిని వెనక కంచె అవతలికి తరిమేసి, "రండి, వెనక్కి రండి" అన్నాడు.

ఇన్నేళ్లలో బండికి గీత పడనివ్వని చేతులు మొరాయించాయి. బలవంతాన స్టీరింగు తిప్పాడు. బస్సు కర్ర మీదికే పోతోంది. ఇంకాస్త పోతే చాలు. కిటికీ దగ్గరి కుర్చీ కళ్లకు కట్టింది.

అంతలో కంచె అవతల పొడుగు విజిల్ మోగింది. ఆయన కాలు బ్రేకు మీద పడిపోయింది. ఆయన వెయ్యలేదు, అదే పడింది.

"ఎవరయ్యా విజిల్ వేసింది?" ఇన్‌స్పెక్టరు కసిరాడు.

డ్రైవరు బావకు ప్రాణం లేచొచ్చింది. "మా కండక్టరే సార్. నాకోసమే వేశాడు. బయటి సాయం తీసుకున్నట్టేగా? నేను తప్పినట్టే కదా సార్?"

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. కర్రకూ బస్సుకూ మధ్య అరచెయ్యి పట్టేంత సందుంది. "తప్పు తనంతట తాను ఒప్పుకునే డ్రైవరును ఇవాళే చూశాను. తగల్లేదుగా, కానివ్వండి" అంటూ ముచ్చటపడిపోయి, తానే వెనక నిలబడి చెయ్యి ఊపుతూ దారి చూపించాడు. తన పక్కనున్న అద్దంలో చెయ్యి ఎటు ఊగితే ఈయన చేతులు అటే తిరిగాయి. బస్సు బుద్ధిగా సందులోకి వెళ్లి కూర్చుంది.

బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "చూశావా బావా, కొంపలంటుకునేవి! రెప్పపాటులో కాపాడాను. ఇంక ఐదేళ్లు మనకు ఢోకా లేదు!"

"ఔన్రా" అన్నాడు. వాణ్ణి చాచి కొట్టాలనిపించింది. పాపం, వాడి మొహం చూస్తే చెయ్యి రాలేదు.

ఈలోగా తర్వాతి బండి వచ్చి బస్సు ముందు నిలబడింది. సందులోంచి వెనక్కే తీసి దానికి దారివ్వమని ఇన్‌స్పెక్టరు కేకేశాడు. బావమరిది హుషారుగా బస్సు వెనక్కి పరిగెత్తాడు. డ్రైవరు బావ రివర్సు గేరు వేసి, కళ్లనిండా నీళ్లతో, వాడి విజిల్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.