ఖాసిం కింది పళ్ళు

1979 జనవరి. దివిసీమలో ఉప్పెన వచ్చి ఏడాది దాటింది. నేను అప్పుడు ఒక డెంటల్ కాలేజీలో చిగుళ్ళ విభాగంలో ట్యూటర్ని. ట్యూటరంటే పెద్ద హోదా ఏమీ కాదు. పాఠం ప్రొఫెసరుగారు చెప్తారు, విద్యార్థుల చేత పని మేం చేయిస్తాం. కృష్ణా డెల్టాలో చిగుళ్ళ జబ్బు ఎంత ఉందో సర్వే చెయ్యాలని కాలేజీ తలపెట్టినప్పుడు, నా సొంత ఊరు గుడివాడ అన్న ఒక్క కారణంతో ఆ బాధ్యత నా నెత్తిన పెట్టారు. "మీ వైపే కదమ్మా, భోజనానికి ఇబ్బంది ఉండదు" అన్నారు ప్రొఫెసరుగారు. నా వెంట ముగ్గురు హౌస్ సర్జన్లు, అంటే పరీక్షలు పాసై చివరి ఏడాది చేతిపని నేర్చుకుంటున్నవాళ్ళు. వాళ్ళలో సుగుణ అనే అమ్మాయికి ప్రశ్నలు ఎక్కువ. మిగిలిన ఇద్దరికీ ఆకలి ఎక్కువ.

పని సులువుగానే ఉండేది. బడి వరండాలో వెలుతురు పడేచోట కుర్చీ వేసి మనిషిని కూర్చోబెట్టడం, చిన్న అద్దంతో నోరు చూడటం, ప్రోబ్ అనే మొండి సూదిని పంటికీ చిగురుకీ మధ్య దింపి లోతు కొలవడం. ఆ సందునే మేం పాకెట్ అంటాం. అది ఎంత లోతైతే జబ్బు అంత ముదిరినట్టు. కొలత ఫారంలో రాసి తర్వాతి మనిషిని పిలిచేవాళ్ళం. మోపిదేవిలో మొదలుపెట్టి నాగాయలంక దాకా వెళ్ళాం. నాగాయలంకలో ఒక పెద్దాయన వరసలో గంటసేపు నిలబడి, తీరా కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే ఒక్క పన్ను లేదు. ఏం చూడమంటారు తాతగారూ అని అడిగాను. "లేవనైనా రాసుకోండమ్మా. ఉప్పెన తర్వాత వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి రాసుకునే వెళ్ళారు" అన్నాడు. మా ఫారంలో అందుకు గడి లేదు. అంచున పెన్సిలుతో రాసుకున్నాను. ఫారం మీద నాకు ఎంత నమ్మకమంటే, గడిలేనిదాన్ని రాయడం ఏదో తప్పు చేసినట్టుగా అనిపించింది.

ఫిబ్రవరిలో బందరు చేరాం. చిలకలపూడిలో ఒక ఎలిమెంటరీ స్కూలు మాకిచ్చారు. అక్కడ మూడు నెలలు మకాం. చుట్టుపక్కలంతా రోల్డ్ గోల్డ్ నగలు చేసేవాళ్ళ ఇళ్ళు. మూడో రోజో నాలుగో రోజో వరసలో చివర వచ్చాడు ఖాసిం. ముప్పై అయిదేళ్ళుంటాయి. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. కింది వరసలో ముందు పళ్ళు నాలుగూ కదులుతున్నాయి. రెండు పనిముట్ల కాడల మధ్య పన్ను పట్టుకుని ఊపి చూసే పరీక్షకి మొబిలిటీ అని పేరు. ఖాసిం పళ్ళు ఊపాల్సిన అవసరం కూడా లేదు, నాలుక తగిలితే కదిలేవి. వింత ఏమిటంటే దవడ పళ్ళు రాళ్ళలా ఉన్నాయి. నోరు శుభ్రంగా ఉంది. అది వింత అని నాకు అనిపించింది కూడా. అనిపించి, దాన్ని అక్కడే వదిలేశాను.

ఫారంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగాను. బీడీ లేదు, చుట్ట లేదు, కిళ్ళీ లేదు. ఇటుకపొడితో పళ్ళు తోముతాడు. వృత్తి అన్నచోట రోల్డ్ గోల్డ్ పని అని రాసుకున్నాను. అప్పటిదాకా ముక్తసరిగా జవాబులిచ్చినవాడు చివర్లో తనే ఒకటి అడిగాడు.

"ఈ నాలుగూ ఉంటాయా అండి?"

ఊళ్ళో ఒక డాక్టరు నాలుగూ తీసేసి కట్టుడు పళ్ళు పెట్టించుకోమన్నాడట. ఆ వయసులో బోసినోరంటే ఎవరికైనా చిన్నతనమే కదా, అందం గురించి బెంగ కాబోలు అనుకున్నాను. పైగా పళ్ళు పీకే డాక్టర్లంటే నాకు అప్పుడు చెప్పలేనంత చులకన. చిగుళ్ళ వైద్యంతో పళ్ళు నిలబెట్టొచ్చని హౌస్ సర్జన్లకి చూపించడానికి ఇంతకన్నా మంచి కేసు దొరకదు. ఉంటాయి, నేను ఉంచుతాను అని మాటిచ్చేశాను.

సుగుణ చేత స్కేలింగ్ చేయించాను. పంటి మీద, చిగురు కింద పేరుకున్న గారని గీకి తీసెయ్యడమే స్కేలింగ్. తర్వాత నేనే కూర్చుని సన్నని స్టీలు తీగతో ఆ నాలుగు పళ్ళనీ పక్కనున్న గట్టి పళ్ళకి కలిపి కట్టాను. దీన్ని స్ప్లింట్ అంటారు. పందిరికి కర్ర ఊతమిచ్చినట్టే. ఇటుకపొడి మానేసి మెత్తటి బ్రష్ వాడమన్నాను. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. ముందు పళ్ళతో గట్టివేమీ తినొద్దని రెండుసార్లు చెప్పాను. అన్నిటికీ తలూపాడు.

మూడు వారాలకి తీగ తెగింది. మళ్ళీ కట్టాను. పది రోజులకి మళ్ళీ తెగింది. అప్పటికి చుట్టూ హౌస్ సర్జన్లే కాక వరండాలో పదిమంది పేషెంట్లు కూడా ఉన్నారు. నేను ఒంటికాలి మీద లేచాను. చెప్పినమాట వినని మనిషికి వైద్యం చెయ్యడం నావల్ల కాదన్నాను. ఏం కొరుకుతున్నారో చెప్పమని నిలదీశాను. జంతికలు మానేశాననీ, చెరుకు ముట్టుకోవడం లేదనీ, నెల రోజులుగా అన్నం మెత్తగా కలుపుకుని తింటున్నాననీ మెల్లగా చెప్పాడు. నమ్మలేదు. ఒక పంటి అంచున చిన్న గాడి ఉందనీ, గోళ్ళు కొరికే అలవాటేమోననీ సుగుణ అంటే, అదేనన్నమాట అని అతని వేళ్ళు పట్టి చూశాను. ముప్పై అయిదేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చాపాడు. గోళ్ళు నిండుగానే ఉన్నాయి. మొహం మాత్రం చిన్నబోయింది. సోమవారం రమ్మంటే తలూపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కేస్ షీట్లో ఇలా రాశాను: పేషెంట్ సహకరించడం లేదు. పళ్ళు తీసివెయ్యాలి. సోమవారం.

సోమవారం ఖాసిం రాలేదు. మంగళవారమూ రాలేదు. పోతే పోయాడు అన్నాను. సుగుణ వదల్లేదు. తీగ రెండుసార్లూ ఒకే చోట, ఎడమవైపునే తెగిందనీ, తినేటప్పుడైతే అలా ఒకేచోట బరువు పడదనీ, ఏదో రోజూ అక్కడే ఆనుతోందనీ నా వెంటపడింది. ముందు పుస్తకం సరిగ్గా చదువు అని కసిరాను. బుధవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆ పిల్ల పోరు పడలేక ఖాసిం ఇంటికి బయల్దేరాను. పళ్ళు ఎలాగూ తియ్యాలి, ఆ మాటేదో చెప్పి వచ్చేద్దామన్నది నా ఉద్దేశం.

ఇంటి ముందు తాటాకు పాక. లోపల ఆరేడుగురు మగవాళ్ళు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క దీపం. ఖాసిం తలెత్తలేదు. ఎడమచేతిలో బొగ్గుముక్క, దాని మీద అతకాల్సిన గాజు. కుడిచేతిలో పటకారు. నోట్లో జానెడు పొడవున్న ఇత్తడి ఊదుగొట్టం. దాన్ని ముందు పళ్ళతో బిగించి పట్టుకుని, బుగ్గలు పూరించి ఊదుతుంటే దీపం మంట సూదిలా సన్నగా సాగి అతుకు మీద పడుతోంది. మంట పక్కకి తిరగాలంటే తల తిప్పుతున్నాడు. తలతో పాటు గొట్టం, గొట్టంతో పాటు ఆ పళ్ళు. గొట్టం ఎడమవైపుకి వాలి ఉంది. తీగ తెగినచోటే.

సుగుణ నావైపు చూడకుండా గోడవైపు చూసింది. ఆ మర్యాదకి నాకు ఇంకా సిగ్గేసింది.

టంకం కరిగి అతుకు కూడాక ఖాసిం గొట్టం తీసి మమ్మల్ని చూశాడు. కంగారుగా లేచి బల్ల తుడిచాడు. ఆ గొట్టం చేత్తో పట్టుకోకూడదా అని అడిగాను. అడిగాక నాకే తెలిసింది ఎంత తెలివితక్కువ ప్రశ్నో.

"రెండు చేతులూ పనిలో ఉంటాయి కదండీ. గొట్టం పళ్ళే పట్టుకోవాలి" అన్నాడు.

"మరి నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు అడిగితే చెప్పేవాణ్ణండి. చెప్తే పని మానెయ్యమంటారు. అందుకని మీరు అడక్కపోతే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి."

అప్పుడు వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. ఆయన అతుకు పనిలో పేరున్నవాడట. నలభై ఏళ్ళకే ముందు పళ్ళు పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు గానీ, గొట్టం బిగిస్తే పళ్ళ సెట్టే లేచి వచ్చేసేది. చివరికి నగలు యాసిడ్లో ముంచి తీసే పనికి మారాడు. ఆ పొగకి దగ్గు పట్టుకుని అయిదేళ్ళు కూడా బతకలేదు. ఈ నాలుగూ ఉంటాయా అని ఖాసిం అడిగింది అందం గురించి కాదు. నాకు తల తీసేసినట్టయింది.

ఇంతలో సుగుణ మిగిలినవాళ్ళని ఒక్కొక్కరినీ నోరు తెరవమంటోంది. ముప్పై దాటిన ప్రతివాడికీ కింది ముందు పళ్ళు ఎంతో కొంత కదులుతున్నాయి. కింది ముందు పళ్ళ వేర్లు సన్నం, అందుకని అవి ముందు లొంగుతాయి. వాళ్ళంతా మా సర్వేకి వచ్చినవాళ్ళే. వాళ్ళ ఫారాలు నా ట్రంకుపెట్టెలో దారంతో కట్టి భద్రంగా ఉన్నాయి. అన్నిటిలోనూ నా చేతిరాతే: నోటి శుభ్రత లోపం వల్ల చిగుళ్ళ జబ్బు.

పని మానమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అలాగని గొట్టం అలాగే పడితే ఏ తీగా నిలవదు. వారం రోజులు అదే ఆలోచన. గుడివాడలో జోజిగారని ఒక డెంటల్ మెకానిక్ ఉండేవారు. అంటే డాక్టర్లకి కట్టుడు పళ్ళు తయారుచేసి ఇచ్చే మనిషి. ఆయన దగ్గరకి వెళ్ళి సంగతి చెప్పాను. అంతా విని, "బరువు దవడ పళ్ళు మొయ్యాలి, గొట్టం ముందునుంచి రావాలి. అంతే కదమ్మా" అన్నారు, అదేదో కాఫీ కలపడమన్నట్టు. ఖాసిం దవడల అచ్చులు నేను తీసిస్తే, వాటిని బట్టి కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే గులాబీరంగు అక్రిలిక్‌తో ఒక తొడుగు చేశారు. అది రెండువైపులా దవడ పళ్ళ మధ్య కూర్చుంటుంది. ముందు పళ్ళకి తగలకుండా మధ్యలో ఒక రంధ్రం. గొట్టం అందులో దూరుతుంది.

మొదటిది దండగైంది. ఖాసిం ఊదితే చొంగ కారింది, ఈల మోగింది, దీపం ఆరిపోయింది. పాకలో అందరూ పడీపడీ నవ్వారు. ఖాసిం కూడా నవ్వాడు. నేను ఆ నోట్లో నవ్వు చూడటం అదే మొదలు. తర్వాత తనే మొలకి ఉన్న చిన్న ఆకురాయి తీసి, రంధ్రం నిటారుగా కాదు, ఎడమకి వాలుగా ఉండాలనీ, నాలుక ఆనేచోట పలచన చెయ్యాలనీ గీసి చూపించాడు. పనివాడి మాట పనివాడికే తెలుస్తుంది. జోజిగారు ఆ గీతల ప్రకారం రెండోది చేశారు. ఖాసింకి అది అలవాటు కావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ చేసిన అతుకులన్నీ వంకరేనని తర్వాత ఒప్పుకున్నాడు.

మూడోసారి కట్టిన తీగ తెగలేదు. మేం బందరు నుంచి మకాం ఎత్తేసే నాటికి మూడు పళ్ళు గట్టిపడ్డాయి. నాలుగోది నిలవలేదు. దాన్ని నేనే తీశాను. అదొక్కటీ నా లెక్కలోనే పోయింది. మొదటిరోజే ఆ పాక గుమ్మం తొక్కి ఉంటే అదీ ఉండేది.

కాలేజీకి తిరిగి వచ్చాక, ఫారంలో కొత్త ప్రశ్న ఒకటి చేర్చాలనీ, చిలకలపూడి ఫారాలు విడిగా తియ్యాలనీ ప్రొఫెసరుగారిని అడిగాను. ముందు విసుక్కున్నారు. తర్వాత రిపోర్టు చివరి పేజీలో నాలుగు లైన్లు ఇచ్చారు. ఖాసిం కేస్ షీట్లో పేషెంట్ సహకరించడం లేదు అని నేను రాసిన మాట కొట్టేసి, పక్కన డాక్టరు అడగలేదు అని రాసి సంతకం పెట్టాను. అలా కొట్టివేతతోనే ఆ కాగితాన్ని పాతికేళ్ళపాటు ప్రతి బ్యాచికీ చూపించాను. ఈ నోటితో రోజంతా ఏం పని చేస్తారు అని పేషెంటుని అడగమంటే, ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు కిసుక్కున నవ్వేవారు. నవ్వనిచ్చేదాన్ని.

ఆ ఏడాది డిసెంబరులోనే సెలవుకి గుడివాడ వచ్చాను. నేను వచ్చినట్టు జోజిగారి ద్వారా తెలుసుకుని ఖాసిం బందరు బస్సులో వచ్చాడు. వెంట పాతికేళ్ళ బావమరిది. అతను అతుకు పనిలో చేరి నెల అయిందట. కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. పళ్ళన్నీ చక్కగా, బిగువుగా ఉన్నాయి. ఎక్కడా పాకెట్ లేదు. ఇతనికి ఏ బాధా లేదు కదా, ఎందుకు తీసుకొచ్చారని అడగబోతున్నాను. ఖాసిం నన్ను అడగనివ్వలేదు.

"రోజుకి ఎనిమిది గంటలు గొట్టం పడతాడండి. ముందే చెప్తున్నాను, రాసుకోండి" అన్నాడు.

కొత్త కేస్ షీట్ తీసి మొదటి లైనులో అదే రాసుకున్నాను.