ఎడమచేతి అల్లిక

రబియా రైలు దిగేసరికి తాడేపల్లిగూడెం ప్లాట్‌ఫారం మీద ఎండ ఇంకా ముదరలేదు. భుజానికో సంచి, చేతిలో ఇంకో సంచి. భుజం మీదిదాంట్లో బట్టలు, చేతిలోదాంట్లో నూలు ఉండలూ, లేసు అల్లే కొక్కెపు సూదులూ. ఏలూరు నుంచి ఆమె ఈ ఊరికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. చేతిపనుల ప్రదర్శన ఎక్కడ పెట్టినా వెళ్తుంది, మహిళా సంఘాలవాళ్ళు క్లాసు చెప్పమని ఎక్కడికి పిలిచినా వెళ్తుంది. గూడెం అయితే పిలవకపోయినా వస్తుంది. ఇక్కడ జయశ్రీ ఉంది మరి.

ఇదివరకు స్టేషను గుమ్మంలోనే జయశ్రీ ఎదురయ్యేది. "ఇన్ని సంచులేంటే, కాపురం మార్చేస్తున్నావా?" అని దెప్పుతూ ఒక సంచి లాక్కునేది. ఈసారి ఆమె భర్త దత్తాత్రేయులు గారొక్కరే వచ్చారు. హైస్కూల్లో తెలుగు మాష్టారుగా చేసి రిటైరైన మనిషి. గడ్డం గీసుకోలేదు.

వేసవి మొదట్లో జయశ్రీకి పక్షవాతం వచ్చింది. కాలు కొంత తిరిగింది. మాట చాలావరకు తిరిగింది. కుడిచెయ్యి మాత్రం పడిపోయినట్టే ఉండిపోయింది.

"అన్నం మానేసిందండీ," అన్నారాయన ఆటోలో కూర్చున్నాక. "నేను తినిపిస్తే రెండు ముద్దలు, బలవంతాన. ఎడమచేతికి స్పూను ఇస్తే విసిరికొట్టింది. ఆ చేత్తో తినేకంటే పోవడమే నయం అంటుంది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేసి పోయాల్సి వస్తుందని డాక్టరు గారు గట్టిగా చెప్పేశారు. మీ మాటయితే వింటుందేమోనని..."

"చూద్దామండీ," అంది రబియా. ఏం చూస్తుందో ఆమెకే తెలియదు.

ఆటో వెళ్తున్నంతసేపూ తన చేతులకేసే చూసుకుంది. రబియా పుట్టింది ఏలూరు తంగెళ్ళమూడిలో, తివాచీలు నేసే ఇంట్లో. తండ్రి మగ్గం పక్కన తెగిపడ్డ ఉన్ని పోగులు ఏరుకుంటూ పెరిగింది. పుట్టుకతోనే ఎడమచేతివాటం. అన్నం దగ్గర ఆ చెయ్యి లేచిందంటే నాయనమ్మ చున్నీతో దాన్ని నడుముకి కట్టేసేది. బిస్మిల్లా అని కుడిచేత్తో తినడం అలా వచ్చింది. తక్కిన పనులన్నీ ఎడమచేతి దగ్గరే ఉండిపోయాయి.

ఆ రోజుల్లోనే ఎదురింట్లోకి నర్సాపురం నుంచి ఒకావిడ అద్దెకు దిగింది. అరుగు మీద కూర్చుని పొద్దస్తమానం లేసు అల్లేది. ఇవతలి అరుగు మీద రబియా కూర్చుని, చీపురుపుల్లకి కొక్కెం వంచుకుని, ఆవిడని చూసి అల్లేది. ఆవిడ కుడిచెయ్యి ఎటు కదిలితే ఈ పిల్ల ఎడమచెయ్యి అటే కదిలేది, అద్దంలో నీడలా. ఎవరూ నేర్పకుండానే పని వచ్చేసింది. ఆ తర్వాత తాను నేర్పడమూ అలాగే అలవాటైంది. అత్తిలిలోనైనా, చింతలపూడిలోనైనా ఆమె మొదటిమాట ఒక్కటే: "ఎదురుగా కూర్చోండమ్మా. నా చెయ్యి ఎటు పోతే మీ చెయ్యి అటు పోనివ్వండి."

భర్త హిదాయతుల్లా గడియారాలు బాగుచేసేవాడు. ఆమె ఊరు వెళ్తుంటే బస్టాండు దాకా సంచి మోసుకొచ్చి, "పంతులమ్మగారు మళ్ళీ ఎప్పుడు దయచేస్తారో" అని వేళాకోళమాడేవాడు. ఆయన పోయాక ఇంట్లో కూర్చోలేక ప్రయాణాలు ఇంకా పెంచుకుంది.

జయశ్రీ పరిచయమైంది ఏలూరు ప్రదర్శనలో. మొదట శిష్యురాలు, తర్వాత స్నేహితురాలు, ఆపైన స్టాల్లో భాగస్తురాలు. రబియా తలవంచుకుని అల్లుతుంటే బేరాలన్నీ జయశ్రీవే. ఎవరైనా ఎడమచేత్తో డబ్బులిస్తే పుచ్చుకునేది కాదు. "ఆ చెయ్యి కాదు బాబూ, రెండోది," అనేది. పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టింది. ఎడమచేత్తో ఇవ్వడం, తీసుకోవడం, తినడం ఆమెకి చావుతో సమానం. "నీ చెయ్యి లేసుకి ఎడమ, తిండికి కుడి. అందుకే మా గడప తొక్కనిచ్చాను," అని రబియాని ఆటపట్టించేది. నిజానికి మొదట్లో కాఫీ వరండాలోనే. ఎప్పుడు లోపలిగదిలోకి వెళ్ళిందో, ఎప్పుడు వంటింట్లో పీట మీద కూర్చుందో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

ఇద్దరూ కలిసి కొల్లేటికోట కూడా వెళ్ళారు. చెరువుల మీద పనిచేసే ఆడవాళ్ళకి క్లాసు. వలలు అల్లిన చేతులు కదా, సూది పట్టగానే ప్రతి కన్నుకీ గట్టిగా ముడి బిగించేశారు. టేబులుగుడ్డ అట్టలా నిలబడింది. "ముడెయ్యకపోతే జారిపోద్ది కదండీ," అంది సువర్ణ అనే ఆమె. "ఏం జారిపోతుందమ్మా, టీవీ మీద కప్పేదానికి? అందులో చేపలున్నాయా?" అని జయశ్రీ అంటే, ఆ రేవంతా నవ్వులే. ఆ నవ్వించిన మనిషేనా అన్నం వద్దంటోంది అనుకుంది రబియా.

ఆటో దిగి లోపలికి వెళ్ళేసరికి జయశ్రీ కిటికీ పక్కన మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. సగమైపోయింది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి.

"రేపు ఇక్కడ సంఘంవాళ్ళ క్లాసుంది కదా, దానికొచ్చావు. నాకోసం కాదులే," అంది, కొద్దిగా ముద్దగా వస్తున్న మాటతో.

"అవునే. నీ మొహం చూడ్డానికైతే టికెట్టు దండగ."

జయశ్రీ పెదవి ఒక పక్కకి నవ్వింది. రబియా ప్రాణం కాస్త కుదుటపడింది. స్టూలు లాక్కుని, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని, సూది తీసి గొలుసు అల్లిక మొదలుపెట్టింది. పని కళ్ళబడితే మనసు లేస్తుందని ఆమె ఆశ.

జయశ్రీ రబియా ఎడమచేతిని చూసింది. ఆ చూపు మెల్లగా తన ఒళ్ళో పడున్న కుడిచేతి మీదికి వెళ్ళింది. ఎన్నో ఏళ్ళు రబియా చేతికి జతగా కదిలిన చెయ్యి అది. ఇప్పుడు చిటికెనవేలు కూడా కదల్లేదు.

"నీది ఆడుతోందని చూపించడానికొచ్చావా?" అంది. మొహం గోడవైపు తిప్పేసుకుంది.

రబియా చేతిలో దారం ఆగిపోయింది. ఎంత పొరపాటు చేసిందో అప్పుడు తెలిసింది. జీవితమంతా ఎదురుగా కూర్చునే నేర్పింది. ఎదురుగా కూర్చుంటే ఈమెకి కనిపించేది పోయిన చెయ్యే. తనకి ఇంకోలా నేర్పడం తెలియదు. ఎవరికీ అలా నేర్పలేదు.

లేచి వెళ్ళి మంచం మీదే జయశ్రీకి కుడిపక్కన, ఆ పడిపోయిన చేతి దగ్గర కూర్చుంది. చిన్న దిండు ఒకటి ఆమె ఒళ్ళో పెట్టి, దాని మీద ఆ చేతిని ఉంచి, కదలని వేళ్ళకి దారం చుట్టింది. గొలుసు మొదటికన్నుని పిన్నీసుతో దిండుకి గుచ్చింది. సూదిని ఎడమచేతికి అందించింది.

"ఎడమచేత్తోనా? నాకొద్దు."

"నేను అల్లేది దేంతోనే మరి?"

"నీ సంగతి వేరు."

"ఏం వేరు? నేనిచ్చిన గుడ్డ మీ దేవుడి పీట మీద పరిచావా లేదా? ఇన్నేళ్ళూ దాని మీదే దీపం పెట్టావు. అది ఏ చేత్తో అల్లానో నీకు తెలీదూ?"

పక్కవాళ్ళ మిక్సీ మోగి ఆగిపోయింది. తాను హద్దు దాటి మాట్లాడానేమో, ఇక్కడితో ఈ స్నేహం సరేమో అని రబియాకి భయం పట్టుకుంది.

తర్వాత జయశ్రీ ఎడమచేతి వేళ్ళు సూది మీద ముడుచుకున్నాయి.

కొక్కెం దారానికి అందలేదు. అందితే జారిపోయింది. రబియా తన చేతిని ఆమె చేతి పక్కనే పెట్టి మెల్లగా తిప్పింది. ఎంతో సేపటికి ఒక కన్ను పడింది, దాని వెనక వంకరగా ఇంకొకటి.

"కోతి అల్లినట్టుంది," అంది జయశ్రీ.

"నువ్వు కుడిచేత్తో మొదట అల్లింది ఇంతకంటే ఘోరం. నేను గనక మొహమాటపడి బాగుందన్నాను."

దత్తాత్రేయులు గారు పెరుగన్నం కలిపి గిన్నెతో వచ్చారు. దిండునీ సూదినీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. తర్వాత మంచం దగ్గరికి వచ్చి, అలవాటుగా స్పూను ఎత్తబోయారు.

"అక్కడ పెట్టి మీరు హాల్లో కూర్చోండి," అంది జయశ్రీ.

ఆయన రబియా వంక చూసి, గిన్నె దిండు పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

"నువ్వూ అటు తిరుగు. చూశావంటే ఊరుకోను."

రబియా లేచి కిటికీవైపు తిరిగింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తన్నుతున్నారు. వెనక స్పూను గిన్నెకి తగిలింది. మళ్ళీ తగిలింది. ఏదో మెత్తగా నేలమీద పడింది. రబియా తల తిప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్కూటరు వైపే చూస్తూ నిలబడింది. అది స్టార్టయి వెళ్ళిపోయింది. చాలాసేపటికి గొంతులో ముద్ద దిగిన చప్పుడు వినిపించింది.

"ఉప్పు చాల్లేదు," అంది జయశ్రీ.

"మాష్టారూ, కాస్త ఉప్పు తెండి," అని కేకేసింది రబియా, ఇంకా కిటికీవైపే చూస్తూ.

హాల్లో కుర్చీ వెంటనే కదిలింది.