గళ్ల మెసేజ్

కాశీబుగ్గలో సెల్‌ఫోన్లు బాగుచేసే కాలేబు, ఏ ఫోను చేతికొచ్చినా ముందు వాసన చూస్తాడు. జీడిపిక్కల పొగో, ఎండుచేపలో, చుట్టకంపో ముక్కుకి తగలగానే ఏ ఊరి ఫోనో తెలిసిపోతుంది. తర్వాత ఏవో మీటలు నొక్కి, వెర్షన్ నంబరు చూసి, కుళ్లిన చేపను తొక్కినవాడిలా మూతి తిప్పుకుంటాడు. ఒకే కంపెనీ, ఒకే మోడలు, లోపలి సాఫ్ట్‌వేర్ మాత్రం దేనిది దానిదే. కొత్త వెర్షన్‌లో తెలుగు కనబడుతుంది, పాతదాంట్లో అన్నీ ఖాళీ గళ్లే. పాత ఫోన్లకి కంపెనీ కొత్త వెర్షన్ ఇవ్వదు. అందుకే జనం గళ్ల మెసేజీలను కాలేబు ఫోనుకి పంపి చదివించుకుంటారు. ఎవరి మొగుడి తిట్లయినా, ఎవరి పెళ్లాం ఏడుపులయినా అతని నోటి గుండా పోవాల్సిందే. ఊరందరి ఎంగిలి విస్తళ్లూ ఎత్తుతున్నట్టుంటుంది అతనికి.

ఆరోజు అక్కుపల్లి నుంచి ఎర్రమ్మ వచ్చింది. ఆమె మొగుడు గుజరాత్‌లో చేపల బోటు మీద పనిచేస్తాడు.

"ఆడి ఫోను కలవట్నేదు బావూ. ఆడు రాసింది దీన్లో కనబడేలా సెయ్యి."

"దీనికి అప్‌డేటు ఎక్కదమ్మా. బలవంతంగా ఎక్కిత్తే సచ్చిపోద్ది. ఉండు, నా ఫోనుకి పంపి సదువుతాను."

ఎర్రమ్మ బల్ల చుట్టూ మూగినవాళ్ల మొహాలు చూసింది. అతని చేతిలోంచి ఫోను లాక్కుని కొంగున ముడేసుకుంది.

"ఒద్దు. ఆడు నాకు రాసినాడు, నీకు కాదు. ఆడొచ్చి ఆడి నోటితోనే సెప్తాడు."

ఆమె వెళ్లిపోయాక కాలేబు తన ఫోను ఎత్తి మొదటిసారి వాసన చూశాడు. అన్ని ఊళ్ల కంపూ అందులోనే ఉంది.