ఊక పొయ్యి మీద నిష్పత్తి పాఠం

ఈమధ్య మా కోడలు ఒక కుక్కరు కొన్నది. రాత్రి బియ్యం, నీళ్లు పోసి మీట నొక్కి పడుకుంటే, పొద్దున తనంతట తనే వండేసి, అయిందని కూత పెట్టి మరీ చెబుతుంది. ఎవరూ దగ్గర ఉండక్కర్లేదని కోడలు మురిసిపోతుంటే ఆ సంబరం పాడు చేయడం ఇష్టం లేక ఊరుకున్నాను గానీ, ఎవరూ దగ్గర ఉండకుండా అన్నం వండే పొయ్యి మా ఇంట్లో తొంభైల్లోనే ఉండేది. దానికి కరెంటు అక్కర్లేదు, కిరసనాయిలు అక్కర్లేదు. రైసు మిల్లు వెనక గుట్టలుగా పోసిన ఊక ఒక గోనెసంచెడు తెచ్చుకుంటే వారం గడిచేది. ఆ పొయ్యితో నేను మా అత్తగారిని మెప్పించాను, ఒక ఏడో తరగతి పిల్లని బడికి తెచ్చుకున్నాను. రెండింటిలో ఏది ఎక్కువ కష్టమైందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అప్పట్లో మేం తణుకులో ఉండేవాళ్లం. నా ఉద్యోగం గోదావరి ఏటిగట్టు పక్క ఊళ్లో, ఏడో తరగతి వరకే ఉన్న బడిలో. లెక్కలూ సైన్సూ రెండూ నావే. పొద్దున బస్సు తప్పితే మళ్లీ బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. మా అత్తగారికేమో రెండు సిద్ధాంతాలుండేవి. కోడలు ఉద్యోగం చేస్తున్నంత మాత్రాన ఇంట్లోవాళ్లు చల్లారిన కూడు తినకూడదన్నది మొదటిది. గ్యాసు మీద వండింది ఒంటికి పట్టదన్నది రెండోది. గ్యాసు కనెక్షను కోసం పేరు రాయించి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న రోజులు కాబట్టి రెండోదానితో నాకు పేచీ లేదు. మొదటిదానికి ఊక పొయ్యే దిక్కు. పాత నూనె డబ్బాకి అడుగున పక్కగా ఒక కంత. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, కంతలోంచి ఒక కర్ర సీసాకి తగిలేలా దూర్చి, చుట్టూ ఊక గుప్పెడు గుప్పెడుగా పోసి గట్టిగా కూరాలి. ఆ పైన కర్ర లాగేసి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి తీస్తే మధ్యలో గొట్టంలాంటి దారి మిగులుతుంది. కింద నిప్పంటిస్తే ఆ గోడలు నిదానంగా రాజుకుంటూ గంటల తరబడి సెగనిస్తాయి. ఊదే పని లేదు, పుల్లలు ఎగదోసే పని లేదు. గంజి వార్చక్కర్లేకుండా కొలత నీళ్లతో అత్తెసరు పెట్టి, ఆ గిన్నెలోనే చిన్న గిన్నెతో పెసరపప్పూ బీరకాయ ముక్కలూ దించి, మూత పెట్టి నేను జడ వేసుకోవడానికి పోయేదాన్ని. చీర కుచ్చిళ్లు సర్దుకునేసరికి అన్నం, పప్పు రెండూ అయ్యేవి, తాలింపొక్కటే మిగిలేది. ఆ మిగిలిన సెగ మీద పాలు పెడితే మధ్యాహ్నానికి ఎర్రగా కాగి మీగడ అట్టులా కట్టేది. ఆదివారాలు మూకుడులో దిబ్బరొట్టె కాలేది. ఆ రొట్టె అడుగు పెచ్చు కోసం మా ఇంట్లో పెద్దా చిన్నా తేడా లేకుండా పోట్లాడుకునేవాళ్లు.

ఒక ఏడాది దసరా సెలవులయ్యాక మా ఏడో తరగతిలో ఒక పిల్ల రావడం మానేసింది. గట్టు మీద చేపలు పట్టేవాళ్ల పిల్ల. నేను లెక్క సగం చెప్పేసరికి జవాబు నోట్లో పెట్టుకుని కూర్చునే రకం. ఏడో తరగతికి అప్పట్లో జిల్లా అంతటికీ ఒకే పరీక్ష. అది రాయకపోతే హైస్కూలు గుమ్మం తొక్కేది లేదు. గట్టు మీది ఆడపిల్ల ఏడు దాకా రావడమే గొప్పనీ, నన్ను ఆశ పెట్టుకోవద్దనీ మా హెడ్మాస్టారు సలహా ఇచ్చారు. వద్దన్న పని మీదకే నా బుద్ధి పోతుంది. ఆ సాయంత్రం బస్సు వదులుకుని గట్టెక్కాను.

పిల్ల తల్లి తెల్లవారకుండానే చేపల గంపతో ఊళ్ల మీదకి పోయి మధ్యాహ్నానికి వస్తుంది. తండ్రి పడవ మీద. ఇంట్లో ఇద్దరు పసివాళ్లు, వాళ్ల నాయనమ్మ. ముసలమ్మకి రెండు కళ్లకీ పొరలొచ్చాయి. పొయ్యి ఊదబోయి చెయ్యి కాల్చుకుందట. అప్పటి నుంచి వంట పిల్ల మీద పడింది. పొయ్యిలో పుల్ల ఎగదోయాలి, గంజి వార్చాలి, అయ్యేసరికి బడి సగం అయిపోతుంది. తల్లి నా మీద కోపం లేకుండానే మాట్లాడింది.

"మా పిల్ల సదూకుంటే మాకు సేదేంటండి టీచరుగారూ. మీరే సెప్పండి, ఈ పిల్లలకి కూడెవరు వండుతారు?"

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా చదువు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి నాకు సిగ్గేసింది. మా ఊక పొయ్యి సంగతి చెప్పాను. నిప్పు పెట్టి వదిలేసి పోతే తాటాకిల్లు బూడిదవుతుందని ముసలమ్మ అడ్డం పడింది. ఇంటికి ఎడంగా బోరింగు పక్కన పెడదామన్నాను. చివరికి తల్లి ఒక ఒప్పందానికి వచ్చింది: ఎవరూ దగ్గర లేకుండా అన్నం తినేలా ఉడికితే పిల్లని పంపుతుంది. లేకపోతే నేను మళ్లీ గట్టెక్కి అడగకూడదు.

ఆదివారం డబ్బా మోసుకుని పోయి నా చేతులతో ఊక కూరాను, బియ్యం, నీళ్లు కొలిచి పోశాను, నిప్పంటించి అందరినీ దూరంగా కూర్చోబెట్టాను. పొయ్యి మా గొప్పగా కాలింది. మూత తీస్తే లోపల అన్నం లేదు, మెతుకు విడని ముద్ద ఉంది. తల్లి గరిటెతో ఎత్తి చూసి మళ్లీ గిన్నెలోనే వదిలేసింది. నవ్వినా బాగుండేది. పిల్ల మాత్రం గిన్నె తోమడానికి బోరింగు వైపు పోయింది, నా వైపు చూడకుండా.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు తాంబూలం నములుతూ తాపీగా విన్నారు. "మాసూళ్ల రోజులు కదే. చేపకి బదులు కొత్త వడ్లు కొలిపించుకుంటారు వాళ్లు. కొత్త బియ్యానికి పాత బియ్యం నీళ్లు పోస్తే జావ కాక జాంగ్రీ అవుతుందా?" అన్నారు. నిజమే. ఏడాది నిలవున్న బియ్యం తప్ప ముట్టని ఇంట్లో నేర్చిన కొలత నాది. మరి కొత్త బియ్యానికి ఎన్ని నీళ్లని అడిగితే, కంటితో చూసి పోస్తామన్నారు. గుడ్డి ముసలమ్మ ఉన్న ఇంట్లో కంటి కొలత ఎందుకు పనికొస్తుంది? నాకు గ్లాసు కొలత కావాలి.

సోమవారం నుంచి నిష్పత్తి పాఠం మొదలుపెట్టాను. అసలు అది మరుసటి నెలలో రావాలి. పిల్లలందరినీ ఇంటి నుంచి తలా గుప్పెడు కొత్త బియ్యం తెమ్మన్నాను. బడి వెనక చిన్న డబ్బాలతో పొయ్యిలు పెట్టించి, ఒక్కోదానికి ఒక్కో కొలత నీళ్లు పోయించి, ఏది ముద్దయింది, ఏది పలుకుగా ఉందో బోర్డు మీద రాయించాను. తప్పిన లెక్కల్ని కూడా పిల్లలు ఉప్పు వేసుకుని తినేశారు. వాసనకి హెడ్మాస్టారు వచ్చి, ఇది బడా, పెళ్లివారి వంటశాలా అని అడిగి, ఒక ముద్ద రుచి చూసి, ఒక గరిటె నీళ్లు తగ్గించమని సలహా ఇచ్చి పోయారు. ఇంట్లో మా అత్తగారు, నువ్వు చెప్పేది పాఠమా, పెట్టేది హోటలా అన్నారు గానీ, వారాంతానికి తన పొయ్యి డబ్బా కడిగి గుమ్మంలో పెట్టారు. ఇది వాళ్లకిచ్చెయ్, మన ఇంటికి వేరేది చూసుకుందాంలే అన్నారు. చివరికి తేలిన కొలత ఇదీ: కొత్త బియ్యం గ్లాసుకి రెండు గ్లాసుల కంటే కాస్త వెలితిగా నీళ్లు. గ్లాసు మీద మేకుతో గీత గీశాను, ముసలమ్మ వేలితో తడిమి చూసుకునేలా.

ఈసారి గట్టెక్కి ఒకటే అడిగాను: మాట తప్పుతున్నందుకు ఏమైనా అనండి, ఇంకొక్క రోజు ఇవ్వండి. తల్లి సరేనండి అంది. అనుకున్న రోజు పొద్దున పిల్లే పొయ్యి అంటించి, గిన్నె పెట్టి, బడికొచ్చింది. ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు. ఆ పిల్ల కూడా వినలేదు. కిటికీలోంచి గట్టు వైపే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం గంట కొట్టే వేళకి తల్లి ఖాళీ గంపతో వచ్చి తరగతి గుమ్మంలో నిలబడింది. పిల్ల లేచి పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

"కూకోవే," అంది తల్లి. తరవాత నా వైపు తిరిగింది. "పొడిపొడిగా ఉడికిందండి. ముసల్ది మారు పెట్టించుకుంది. పిల్లని సాయంత్రం దాకా ఉంచుకోండి."

ఆ పిల్ల ఏడు గట్టెక్కింది, హైస్కూలుకి పోయింది, ఆ తర్వాత టీచరు ట్రైనింగుకీ పోయింది. దానికి నేను నేర్పిన లెక్కలకన్నా అది చేసుకున్నవే ఎక్కువ. నేను ఇప్పించగలిగింది రోజుకి ఒక పూట మాత్రమే. కాలం అందరికీ సమానమేనని నేనే బోలెడుసార్లు పిల్లలకి చెప్పాను గానీ, ఆడపిల్ల కాలం చాలావరకు పొయ్యి దగ్గరే ఉండిపోతుంది, ఎవరో ఒకరు పట్టుబట్టి అక్కణ్ణుంచి తెచ్చి దాని చేతికి ఇవ్వాలి.